మానుకోవడం, తప్పించుకోవడం, నిరాకరించడం: బ్రిటన్ టెలివిజన్ లైసెన్సు రుసుము – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

సుంకం చెల్లించడం ఇష్టంలేని ఒక వర్తకుడు రాజమార్గం విడిచి రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలుకొని పోయాడు. తెల్లవారేసరికి అతని బండి సరిగ్గా సుంకపు పాక ముందు నిలిచి ఉంది. శాస్త్రకారులు దీనిని ‘ఘట్టకుటీ ప్రభాత న్యాయం’ అన్నారు. ఒక దోషాన్ని తప్పించుకోబోయి చివరికి అదే దోషంలో పడిన ప్రతివాదిని ఎత్తిచూపడానికి వాదగ్రంథాల్లో ఈ న్యాయాన్ని ఉపయోగిస్తారు. ప్రయోజనం తర్కానికి సంబంధించినదే అయినా, న్యాయం పుట్టింది మాత్రం లోకానుభవం నుంచి. అయితే ఈ కథ ఒక ప్రశ్నను విడిచిపెట్టింది. ఆ వర్తకుడు అసలు వర్తకమే మానుకొని ఇంట్లో కూర్చొని ఉంటే, అతడు సుంకం ఎగవేసినట్లా, కాదా?

ఈ ప్రశ్నను ప్రతి ఇంటి ముందుకూ తెచ్చిపెట్టిన వ్యవస్థ ఒకటి బ్రిటన్‌లో ఉంది. అక్కడ ప్రసారమవుతున్న సమయంలోనే ఏ టెలివిజన్ కార్యక్రమాన్ని చూడాలన్నా, దానిని రికార్డు చేసుకోవాలన్నా ఆ ఇంటికి లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో ఆ రుసుము ఏడాదికి 174.50 పౌండ్లుగా ఉండేది. లైసెన్సు ఉండవలసింది పెట్టెకు కాదు, చూడడానికి. టెలివిజన్ పెట్టె ఇంట్లో ఉండి ప్రసారాలు చూడనివారికి లైసెన్సు అక్కరలేదు. పెట్టె లేకపోయినా చేతిఫోనులో ప్రత్యక్ష ప్రసారం చూసేవారికి అది తప్పనిసరి. చూసే చానల్ బి.బి.సి.ది కాకపోయినా, ఆ దేశానిదే కాకపోయినా ఈ నియమం వర్తిస్తుంది. రుసుములో అత్యధిక భాగం మాత్రం బి.బి.సి.కే చేరుతుంది.

ఈ రుసుము చెల్లించనివారు మూడు రకాలు. చూడడం మానుకొని చెల్లించనివారు ఒకరు. చూస్తూనే ఆ సంగతి దాచి చెల్లించనివారు ఇంకొకరు. చూస్తున్నామని బహిరంగంగా చెప్పి, శిక్షకు సిద్ధపడి చెల్లించనివారు మూడవవారు. వసూలు చేసే సంస్థ జాబితాలో ఈ ముగ్గురూ ఒక్కటే: లైసెన్సు లేని చిరునామాలు. తెలుగు భాష వీరిని వేరుచేసి చూడగలదు. ‘మానుకోవడం’, ‘తప్పించుకోవడం’, ‘నిరాకరించడం’ అన్న మూడు క్రియలు మూడు ప్రవర్తనలను చెబుతున్నాయి. వీటిలో నడిమిది ప్రత్యేకంగా గమనింపదగినది. ‘తప్పు’ అన్న ధాతువు గురి తప్పడాన్నీ చెబుతుంది. నామంగా అపరాధాన్నీ చెబుతుంది. తప్పించుకొన్నవాడు తప్పు చేశాడా లేదా అన్నది ఆ మాట దగ్గర తేలదు. ‘ఎగ్గొట్టడం’ అంటే మాత్రం సందేహానికి చోటు లేదు.

టెలివిజన్‌ను మానుకొని రుసుము లేకుండా గడుపుకోవడం ఈ మూడింటిలో కచ్చితంగా ఎక్కడ చేరుతుందన్నది పరిశీలించవలసిన విషయం. చట్టం దృష్టిలో అందులో దోషమేమీ లేదు. కానీ చట్టం నిర్దోషి అన్న మాత్రాన నీతి ప్రశ్న ముగిసిపోదు.

రుసుము స్వరూపం

మానుకోవడం దోషమా కాదా తేల్చడానికి ముందు, చెల్లించవలసింది ఏమిటో తెలియాలి. అది వెల అయితే కొననివానికి బాధ్యత లేదు. పన్ను అయితే పౌరుడైనందుకే బాధ్యత ఉంటుంది. ఈ రుసుము వంద ఏళ్లకు పైగా ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూనే ఉంది.

1922లో రేడియో ప్రసారాలు మొదలైనప్పుడు శ్రోత పది షిల్లింగులు చెల్లించి తపాలా కార్యాలయంలో లైసెన్సు తీసుకొనేవాడు. ఆకాశంలోని తరంగాలపై అధికారం ప్రభుత్వానిది గనుక వాటిని అందుకోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్నది దాని వెనుక ఉన్న భావన. 1946లో టెలివిజన్‌కు వేరే లైసెన్సు వచ్చింది. 1971లో రేడియోకు మాత్రమే ఉన్న లైసెన్సును రద్దు చేశారు. అప్పటినుంచి బ్రిటన్‌లో రేడియో వినడానికి ఎవరూ ఏమీ చెల్లించనక్కరలేదు. రేడియో నడిచేది మాత్రం టెలివిజన్ చూసేవారు చెల్లించిన డబ్బుతోనే. వెల అన్న భావన ఇక్కడ దెబ్బతింటుంది: రేడియో వాడుకొనేవాడు చెల్లించడు, బి.బి.సి.ని ఎన్నడూ చూడక వాణిజ్య చానళ్లనే చూసేవాడు చెల్లిస్తాడు. 2006లో బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం దీనిని పన్నుగా వర్గీకరించింది. పన్ను అనుకొన్నా చిక్కే. ఆదాయంతో సంబంధం లేకుండా ధనికుని భవనానికీ, ఒంటరి తల్లి అద్దె గదికీ ఒకే మొత్తం. అంధులకు సగం తగ్గింపు ఉంది. పేదలకు పేదలైనందుకు తగ్గింపు లేదు.

ఇది వెలా కాదు, పూర్తి అర్థంలో పన్నూ కాదు. పాత అర్థంలో సుంకం. దారిన పోయేవాడు ఇవ్వాలి, పోనివాడు ఇవ్వనక్కరలేదు. దారిన పోకపోవడం నేరం కాదు. పొగాకు మానినవాడు పొగాకు సుంకం ఎగవేశాడని ఎవరూ అనరు. అయితే ఒక భేదం ఉంది. పొగాకుపై సుంకం వేసే ప్రభుత్వం జనం పొగ మానితే సంతోషించాలి, కనీసం సంతోషించినట్లు కనిపించాలి. టెలివిజన్ సుంకం వేసినవారు జనం చూడడం మానాలని కోరుకోలేదు. అందరూ చూస్తారన్న నమ్మకంతోనే దానిని వేశారు. ఆ నమ్మకం చాలాకాలం నిజమైంది కూడా.

భారతదేశంలో ఈ అనుభవం పాత తరానికి గుర్తుండే ఉంటుంది. రేడియోకూ, తరువాత టెలివిజన్‌కూ లైసెన్సు పుస్తకం తీసుకొని ఏటా తపాలా కార్యాలయంలో సొమ్ము కట్టే పద్ధతి 1980ల మధ్యకాలం వరకు కొనసాగింది. ఆ తరువాత ఆకాశవాణి, దూరదర్శన్‌ల వ్యయాన్ని ప్రభుత్వ ఖజానా, ప్రకటనల ఆదాయం భరిస్తూ వచ్చాయి. ఈ మార్పుతో పౌరుని చేతిలోని ఒక నైతిక నిర్ణయం కూడా పోయింది. నేడు తెలుగునాట ఎవరైనా దూరదర్శన్ చూడడం మానేస్తే దాని పద్దులో నేరుగా ఒక్క రూపాయి తగ్గదు. మానినవానికి మిగిలేదీ లేదు. జర్మనీ 2013లో ఇంకొక దారి తొక్కింది: ఇంట్లో పెట్టె ఉన్నా లేకున్నా ప్రతి ఇల్లూ ప్రసార నిధికి తన వంతు ఇవ్వాలి. ఫిన్లాండు అదే సంవత్సరం ఆదాయాన్నిబట్టి వసూలుచేసే పన్నుకు మారింది. ఫ్రాన్సు 2022లో రుసుమునే తీసివేసింది. ఈ దేశాల్లో ‘మానుకొని మిగుల్చుకోవడం’ అన్నది సాధ్యం కాదు. బ్రిటన్‌లో సాధ్యం. అక్కడ చూడడం మానినవాడు ఒక పద్దు నుంచి తన పేరు కొట్టివేయించుకొంటున్నాడు. ఆ పద్దుతో నడిచేది అతనిది మాత్రమే కాదు.

ఊరు విడిచినవారు

పన్ను విషయంలో విడిచిపెట్టడానికీ, కాదనడానికీ గల భేదాన్ని తెలుగు చరిత్ర ఒకే సంవత్సరంలో, ఒకదానికొకటి దూరంకాని రెండు చోట్ల చూపింది. 1921లో చీరాల–పేరాల ప్రజలు పురపాలక సంఘం వేసిన పన్నుల భారాన్ని వ్యతిరేకించారు. ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడు. గాంధీజీ చెప్పిన మార్గాల్లో ఊరు విడిచిపోవడం ఒకటి. వేలమంది ఆ మార్గాన్నే ఎంచుకొన్నారు. పురపాలక సంఘం ఎల్లలు దాటి వెలుపల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. ఊళ్లో లేనివానిపై ఊరి పన్ను పడదు. వారు చట్టాన్ని ఉల్లంఘించలేదు. చట్టానికి ఆధారమైన ఊరినే ఖాళీ చేశారు.

అదే ఏడాది చివర గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు చెల్లించడానికి నిరాకరించారు. వారు భూమిని విడిచిపెట్టలేదు. పొలంలోనే నిలబడి చెల్లించమన్నారు, జప్తులకు సిద్ధపడ్డారు. చీరాలవారిది విడుపు, పెదనందిపాడువారిది నిరాకరణ. చరిత్రకారులు రెండింటినీ సహాయ నిరాకరణోద్యమంలో భాగంగా వర్ణించడం సరైనదే. కాని వాటి నైతిక నిర్మాణం ఒకటి కాదు. నిరాకరించినవాడు “ఇది నాది, అయినా నేనివ్వను, ఎందుకంటే అడిగే అధికారం నీకు లేదు” అంటాడు. విడిచినవాడు “నీవు అడిగేది ఇచ్చేకంటే నాది అన్నదానినే వదులుకొంటాను” అంటాడు.

టెలివిజన్ మానినవాడు రెండవ కోవకు చెందుతాడని మొదటి చూపులో అనిపిస్తుంది. ఆ పోలికను కొంత దూరం తీసుకొనిపోతేనే దాని బలహీనత తెలుస్తుంది. చీరాలవారు ఇళ్లనూ, మగ్గాలు ఆడే వీధులనూ, బావులనూ వదులుకొన్నారు. వేసవి ఎండనూ వానలనూ పాకల్లో భరించారు. ఊరికి వెలుపల ఉండి ఊరి సౌకర్యాలను అనుభవించలేదు. ఆ పూర్ణత్వం వల్లనే వారి విడుపు ప్రభుత్వాన్ని ఇబ్బందిపెట్టగలిగింది. బ్రిటన్‌లో టెలివిజన్ మానినవారిలో అనేకులు అంత పూర్తిగా విడవరు, విడవనక్కరలేదు కూడా. చలనచిత్రాలనూ ధారావాహికలనూ చందా కట్టి ఇంకొకచోట చూడవచ్చు. అందుకు లైసెన్సు అక్కరలేదు. బి.బి.సి. రేడియో వినవచ్చు, దాని వార్తలు చదవవచ్చు. 2016 సెప్టెంబరు 1కి పూర్వం బి.బి.సి. కార్యక్రమాలనే ప్రసారమైన తరువాత అంతర్జాలంలో ఉచితంగా చూసే వీలుండేది. ఆ తేదీనుంచి దానికీ లైసెన్సు తప్పనిసరి చేశారు. అడ్డదారిన పోయిన బండ్లు ఎన్నో ఆ ఉదయం సుంకపు పాక ముందు నిలిచాయి.

భగవద్గీత 18వ అధ్యాయంలోని త్యాగ విభాగం ఇక్కడ ఉపయోగపడుతుంది. చేయవలసిన దానిని మోహంతో విడవడం తామసం. అది దుఃఖకరమని, శ్రమ అని భయపడి విడవడం రాజసం. కర్తవ్యాన్ని చేస్తూనే ఫలంపై ఆసక్తిని విడవడం సాత్త్వికం. రాజస త్యాగి విడిచిన మాట నిజమే, త్యాగఫలం మాత్రం అతనికి దక్కదని గీత చెబుతుంది. ఖర్చు తప్పుతుందని టెలివిజన్ మానినవానికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే అతడు దొంగ కాడు, అస్తేయ వ్రతానికి భంగం కలగలేదు. అయితే అతడు త్యాగి అని చెప్పుకోవడానికీ వీలులేదు. రుసుము మిగిలింది. అతనికి దక్కిన ఫలం అదే. ఆక్షేపించవలసింది ఆ మిగులును కాదు. మిగులుకు వైరాగ్యమనో, ధర్మపోరాటమనో పేరు పెట్టడాన్ని మాత్రమే ఆక్షేపించాలి. టెలివిజన్ మనసును చెదరగొడుతుందని, పిల్లల చదువు పాడవుతుందని, సాయంకాలాలు మాటలు లేని సాయంకాలాలవుతున్నాయని మానినవారి సంగతి వేరు. వారికి రుసుము మిగలడం ఆనుషంగికం. రుసుము రద్దయినా వారు మళ్లీ చూడరు. ఈ ఒక్క ప్రశ్నతో రెండు రకాలవారిని వేరుచేయవచ్చు: రేపు టెలివిజన్ ఉచితమైతే చూస్తావా?

కిటికీ తెరిచినవాడు

ఉమ్మడి ప్రయత్నంవల్ల మేలు పొందినవాడు ఆ ప్రయత్నపు భారంలో తన వంతు మోయాలన్న న్యాయభాగస్వామ్య సూత్రాన్ని 1955లో హెచ్.ఎల్.ఎ. హార్ట్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు. దానిని ఖండిస్తూ 1974లో రాబర్ట్ నోజిక్ ఎంచుకొన్న ఉదాహరణ యాదృచ్ఛికంగా ప్రసారానికి సంబంధించినదే. ఒక పేటలోనివారు ధ్వనివర్ధకాల ఏర్పాటు చేసుకొని, రోజుకొకరు వంతులవారీగా పాటలు, వార్తలు, కబుర్లు వినిపిస్తుంటారు. నీవు అడగలేదు. అప్పుడప్పుడు కిటికీ తెరిచి విన్నావు, నవ్వుకొన్నావు. నీ వంతు రోజు వచ్చింది. ఆ రోజంతా దానికి ఇవ్వవలసిన బాధ్యత నీకుందా? లేదని నోజిక్ సమాధానం. అడగని మేలును మీద పడవేసి ఋణం వసూలు చేయడానికి ఎవరికీ హక్కు లేదన్నది అతని వాదసారం.

నోజిక్ వాదానికి బలం ఉంది. వీధిలో వినిపించే పాటకు ఎవరూ ఋణపడరు. కాని ఆ ఉదాహరణలో కిటికీ తెరవడాన్ని అతడు తేలికగా దాటిపోయాడు. చెవిన పడడం వేరు, తెరిచి వినడం వేరు. ప్రతి ఉదయం ఆ సమయానికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చొనేవాడు మేలు పొందినవాడు మాత్రమే కాదు, దానిని స్వీకరించినవాడు. టెలివిజన్ మాని, రుసుము మిగుల్చుకొని, రోజూ బి.బి.సి. రేడియో నాటకమూ వార్తలూ వినే బ్రిటిష్ గృహస్థు ఈ కోవలోకే వస్తాడు. 1971 నుంచి చట్టం అతనిని ఏమీ అడగడం లేదు. చట్టం అడగకపోవడంతో ఋణం మాఫీ కాదు. మన సంప్రదాయం చెప్పే దేవ, ఋషి, పితృ ఋణాలకు వసూలు చేసే అధికారి ఎవరూ లేరు, అయినా వాటిని ఋణాలనే అన్నారు.

ఈ వాదం బ్రిటన్ ఎల్లల దగ్గర ఆగదు. బి.బి.సి. ప్రపంచ సేవా విభాగపు వ్యయాన్ని చాలాకాలం బ్రిటిష్ విదేశాంగ శాఖ భరించింది. 2014 నుంచి ఆ భారం ప్రధానంగా లైసెన్సు రుసుముపైకి వచ్చింది. 2017 అక్టోబరులో బి.బి.సి. తెలుగు ప్రారంభమైంది. ఆ విస్తరణకు ప్రభుత్వం ప్రత్యేక నిధి ఇచ్చిన మాట నిజమే. కాని ఆ విస్తరణ నిలబడిన సంస్థను నిలిపినది లీడ్స్‌లోనో, కార్డిఫ్‌లోనో ఒక ఇల్లు ఏటా కట్టిన రుసుము. గుంటూరులోనో, వరంగల్లులోనో ఉదయాన్నే ఆ వార్తలు చదివే పాఠకుడు నోజిక్ చెప్పిన కిటికీ దగ్గరే ఉన్నాడు. అతనిని ఎవరూ వంతు అడగరు. ఇవ్వాలనుకొన్నా ఇచ్చే మార్గం దాదాపు లేదు. వంతు ఇవ్వనివానిని పరాన్నజీవి అని నిందించే ముందు ఈ సంగతిని తెలుగు పాఠకుడు గుర్తుచేసుకోవలసి ఉంటుంది.

ఇందుకు ఎదురుగా బ్రిటన్‌లోని తెలుగు కుటుంబం పరిస్థితిని చూడాలి. ఆ ఇంట్లో బి.బి.సి. ఎవరూ చూడరనుకొందాం. పెద్దవారు హైదరాబాదు నుంచి ప్రసారమయ్యే తెలుగు వార్తలను ప్రత్యక్షంగా చూస్తారు, అందుకు వేరే చందా కడతారు. ప్రత్యక్ష ప్రసారం గనుక లైసెన్సూ కట్టాలి. తాము చూడని సంస్థకు సొమ్ము ఎందుకివ్వాలన్న వారి అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినది కాదు. వెల అన్న దృష్టిలో వారి మాటే న్యాయం. సుంకం అన్న దృష్టిలో దారి ఒకటే, బండిలో ఏ సరుకున్నదన్నది అనవసరం. అభ్యంతరం ఎంత న్యాయమైనదైనా దానికి తగిన మార్గం దాచడం కాదన్నది మాత్రం స్పష్టం. ప్రత్యక్ష ప్రసారాన్ని మానుకొని తరువాత చూడడమో, చెల్లిస్తూ వాదించడమో, బహిరంగంగా నిరాకరించడమో చేయవచ్చు. మూడవ మార్గం ఎంత కఠినమైనదో వేల్స్ చరిత్ర చెబుతుంది.

వేల్స్ నిరాకరణ

1970లలో వేల్స్ భాషాభిమానులు లైసెన్సు రుసుము చెల్లించడానికి నిరాకరించారు. జరిమానాలు పడ్డాయి, అవీ కట్టక కొందరు జైలుకు వెళ్లారు. వారు టెలివిజన్‌ను ద్వేషించినవారు కారు. వారి కోరిక అందుకు పూర్తిగా విరుద్ధం: తమ భాషలో టెలివిజన్ కావాలి. ఇంగ్లీషు ప్రసారాల మధ్య ఎక్కడో వేళగాని వేళలో దొరికే వెల్ష్ కార్యక్రమాలతో భాష బతకదని, ఇంటిలో పెట్టె మాట్లాడే భాషనే పిల్లలు మాట్లాడతారని వారు వాదించారు. 1979 ఎన్నికల్లో వెల్ష్ చానల్‌కు మాట ఇచ్చిన పార్టీ అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే వెనక్కి తగ్గింది. 1980 మే నెలలో ప్లైడ్ కమ్రి నాయకుడు గ్విన్‌ఫోర్ ఎవాన్స్ అక్టోబరు నుంచి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించాడు. సెప్టెంబరులో ప్రభుత్వం లొంగింది. 1982 నవంబరు 1న వెల్ష్ చానల్ ఎస్‌4సి ప్రసారాలు మొదలయ్యాయి. ఎవాన్స్ దీక్షకు కూర్చోవలసిన అవసరమే కలగలేదు. 58 రోజుల దీక్ష తరువాత 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములును పోగొట్టుకొన్న తెలుగు పాఠకుడు ఈ చివరి వాక్యం దగ్గర ఒక క్షణం ఆగకుండా ఉండలేడు.

ఈ నిరాకరణలో కొన్ని లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. చెల్లించనివారు తమ పేర్లు దాచుకోలేదు. చెల్లించకపోవడంవల్ల మిగిలిన దానికంటే వారు పోగొట్టుకొన్నది ఎక్కువ. అన్నింటికంటే ముఖ్యంగా, ఏ షరతుపై మళ్లీ చెల్లిస్తారో ముందే చెప్పారు. తప్పించుకొనేవానికి షరతు ఉండదు. ఎప్పటికీ చెల్లించకపోవడమే అతనికి కావలసింది.

చరిత్ర ఇక్కడ ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. ఎస్‌4సి వ్యయాన్ని తొలిరోజుల్లో వేరే నిధులు భరించినా, నేడు అది ప్రధానంగా లైసెన్సు రుసుముతోనే నడుస్తున్నది. తండ్రి నిరాకరించి సాధించిన చానల్‌ను నిలబెట్టేది కొడుకు చెల్లించే రుసుమే. వేల్స్‌లో ఈనాడు టెలివిజన్ మాని రుసుము మిగుల్చుకొనే వెల్ష్ భాషాభిమాని ఉంటే అతనికి ఎవరు ఏమి చెప్పగలరు? నిరాకరణ సంప్రదాయాన్ని అతడు కొనసాగిస్తున్నాడనడానికి వీలులేదు. ఒకప్పుడు అదే పని భాషకు మేలు చేసింది, ఇప్పుడు కీడు చేస్తుంది. క్రియ మారలేదు, సందర్భం మారింది.

తలుపు తీసినవారు

ఇంతవరకు జరిగిన చర్చ చెల్లించగలవాని గురించినది. చెల్లించలేనివారి విషయంలో త్యాగమన్న మాటే అపహాస్యం అవుతుంది. చలికాలంలో గది వెచ్చబెట్టుకోవడానికీ, పిల్లల భోజనానికీ మధ్య లెక్కలు వేసుకొనే తల్లికి రాజస త్యాగం గురించి చెప్పడం కంటే క్రూరమైనది ఉండదు. గీతలోని విభాగం స్వతంత్రంగా ఎంచుకొనే కర్తను ఉద్దేశించింది. ఎంపికే లేనిచోట అది వర్తించదు.

లైసెన్సు లేకుండా చూడడం బ్రిటన్‌లో క్రిమినల్ నేరం. జరిమానా వెయ్యి పౌండ్ల వరకు ఉండవచ్చు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఈ నేరం రుజువైనవారిలో మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలే కావడం చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. స్త్రీలు ఎక్కువగా ఎగవేస్తారని దీని అర్థం కాదు. తనిఖీకి వచ్చినవారు తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండి తీసేది, మాట్లాడేది ఎక్కువగా స్త్రీలే. రుసుము ఇంటిది, నేరం తలుపు తీసినవారిది. 2015 తరువాత ఇటువంటి కేసుల్లో చాలా భాగం ఒకే న్యాయాధికారి, నిందితులు ఎదుట లేకుండా, కాగితాలను బట్టి తేల్చే పద్ధతిలోకి వెళ్లాయి. ఈ స్త్రీల విషయంలో ఎగవేత అన్న మాట చట్టానికి సరిపోతుంది, నీతికి సరిపోదు. వృద్ధుల స్థితి ఇంకొక రకం. 2000 నుంచి 75 ఏళ్లు దాటినవారికి లైసెన్సు ఉచితంగా ఇచ్చేవారు. 2020 ఆగస్టు నుంచి వారిలో పెన్షన్ క్రెడిట్ అనే పేదల సహాయం పొందేవారికే దానిని పరిమితం చేశారు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో మాట్లాడే పెట్టె ఒక్కటే తోడైన వృద్ధురాలిని “ఇష్టం లేకపోతే మానుకోండి” అనడం సులభం. అందరికీ ఒకే రుసుము సమానంగా కనిపిస్తుంది. ఆ రుసుమును తప్పించుకోవడానికి మానుకోవడంలోని బాధ మాత్రం అందరికీ సమానం కాదు.

నిజంగా మానుకొన్నవారికీ ఒక బాధ ఉంది. చూడడం లేదని ప్రకటించినా, నిర్ణీత కాలం గడిచాక లేఖలు మళ్లీ వస్తాయి. లేనిదానిని లేదని నిరూపించడం వారి వంతు అవుతుంది. అభావాన్ని ఎలా తెలుసుకొంటామన్నది భారతీయ దర్శనాల్లో పాత వివాదమే. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని వేరే ప్రమాణంగా అంగీకరించారు. అయితే ఉంటే కనిపించి తీరవలసిన వస్తువు కనిపించనప్పుడే దాని లేమి సిద్ధిస్తుందని నియమం పెట్టారు. ఇంటి కప్పుపై యాంటెన్నా ఉన్న కాలంలో ఆ నియమం కొంత పనిచేసింది. జేబులో పట్టే ఫోనులో ప్రత్యక్ష ప్రసారం వచ్చే కాలంలో తనిఖీదారుకు కనిపించకపోవడం దేనికీ ప్రమాణం కాదు. చివరికి మిగిలేది గృహస్థుని మాట. ఈ వ్యవస్థ నిలబడడమూ, కూలడమూ ఆ మాటపైనే ఆధారపడి ఉంది. దాచి చూసే ప్రతి ఇల్లూ బి.బి.సి.కి చేసే నష్టంతోపాటు, నిజం చెప్పిన పొరుగింటి మాటకు విలువ తగ్గిస్తున్నది. ఎగవేతలోని అసలు దోషం రుసుము మొత్తం కాదు, ఇదే.

బి.బి.సి. ప్రస్తుత రాజపత్రం గడువు 2027 చివరితో ముగుస్తుంది. ఆ తరువాత రుసుము ఇలాగే ఉంటుందా, జర్మనీలో వలె ఇంటింటి వంతు అవుతుందా, చందాగా మారుతుందా అన్నది అక్కడి పార్లమెంటు తేల్చుకొనే విషయం. అంతవరకు నిర్ణయం ఇంటివారిదే. స్థోమత ఉండి, టెలివిజన్ మానుకొని, రేడియో మాత్రం విడవలేని గృహస్థుకు ఒక దారి ఇప్పటికీ తెరిచే ఉంది. చూడనివారు లైసెన్సు కొనకూడదని చట్టంలో ఎక్కడా లేదు.